రెండు షిఫ్టుల పెట్టె

ఆ రోజుల్లో మా బొగ్గుబావుల కాలనీలో ఎవరైనా కొత్త పెట్టె ఒకటి పట్టుకుని సందు మలుపు తిరిగితే చాలు, అది ఇంటికి చేరేలోపే అందులో ఏముందో వాడకట్టంతా చెప్పేసేది. రేడియో అని ఒకరు, కుట్టుమిషను అని ఒకరు, కాదు కాదు కొత్తల్లుడికి పెట్టే సూట్‌కేసు అని ఇంకొకరు, వరండాల్లో కూర్చునే తేల్చేవారు. ఎక్కువసార్లు వాళ్ళు చెప్పిందే నిజమయ్యేది కూడా. ఒక్క మా బాపు తెచ్చిన పెట్టె దగ్గరే అందరూ బోల్తా పడ్డారు. అందులో ఏముందో వాడకట్టుకు తెలియలేదు, ఇచ్చినాయనకు సరిగ్గా తెలియదు, తెచ్చిన బాపుకైతే అసలే తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు హైదరాబాదులో పాత సామాన్ల దుకాణం నుంచి చేత్తో పట్టుకుపోయే చిన్న టైపుమిషను ఒకటి కొనుక్కొచ్చింది. షెల్ఫులో అలంకారానికట. (రేపు నన్ను కూడా అక్కడే కూర్చోబెడుతుందేమో తెలియదు.) దాన్ని నా ముందు పెట్టి, కొత్త ఫోను గురించి అడిగినట్టు, "అమ్మమ్మా, దీని ఫీచర్లు ఏంటో చెప్పవా" అంది. ఫీచర్లు అనే మాట వినగానే నాకు నవ్వాగలేదు. అచ్చం అలాంటి మిషను ఫీచర్లు అర్థం చేసుకోవడానికి మా ఇంట్లో ఒక మేక, ఒక భజన మండలి, బాపు పరువు, నా నిద్ర ఖర్చయ్యాయి మరి.

మా బాపు బావిలో హాలేజీ ఇంజను నడిపేవాడు. అంటే లోపలి నుంచి బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను. కింద ఏం జరుగుతోందో ఇంజను దగ్గరున్న మనిషికి కనిపించదు. కిందివాళ్ళు కొట్టే గంటే ఆయనకు కన్నూ చెవీ. ఒక గంట కొడితే ఆపాలి, రెండు కొడితే కిందికి వదలాలి, మూడు కొడితే పైకి లాగాలి. షిఫ్టు దిగాక మాత్రం బాపుకు లోకమంతా భజనే. గొంతు పెద్దది, ఇంజను చప్పుడు మీద మాట వినపడాలని అరిచి అరిచి పెరిగిన గొంతు. శనివారం వచ్చిందంటే కాలనీ మందిరంలో భజన మండలి కూర్చునేది. డోలక్ ఉంది, తాళాలున్నాయి, హార్మోనియం ఒక్కటే లేదు. మండలికి పెద్ద మా పక్క క్వార్టరు తాళాల మామ. (ఆయన అసలు పేరు అత్తకు కూడా గుర్తుండేది కాదు.) ఆ మామ భజన అయిపోగానే బాపును ఒక పోటు పొడిచేవాడు. "బావా, నీ గొంతుకు హార్మోనియం తోడు లేకపాయె. ఒంటెద్దు బండి లెక్క ఒక దిక్కే గుంజుతున్నది." బాపు అక్కడ నవ్వేసేవాడు గానీ ఇంటికొచ్చి అన్నం సగమే తినేవాడు.

అలాంటి రోజుల్లో మేనేజరు దొర బదిలీ అయి వెళ్తూ, మోయలేని సామానంతా బంగళాలో పనిచేసేవాళ్ళకు పంచిపెట్టాడు. వంటాయన వాటాకు ఒక పెట్టె వచ్చింది. నల్లటి పెట్టె, పైన పట్టుకునే పిడి, ముందు తాళం. తాళంచెవి ఎక్కడో పోయింది. లోపల ఏముందని బాపు అడిగాడట. వంటాయన తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పాడు. "లోపల వరుసగ మీటలుంటయి. దొరసాని బల్ల మీద పెట్టుకుని రెండు చేతుల వేళ్ళతోని పొద్దంత వాయించేది. నడుమ నడుమ గంట గూడ మోగేది." ఇది వింటే మీరైనా హార్మోనియమే అనుకుంటారు. హార్మోనియానికి గంట ఎందుకని బాపుకు అనుమానం రాలేదు. దొరల సామాను కదా, గంట కూడా ఉంటుందనుకున్నాడు. వంటాయన ఊరికే ఇవ్వలేదు. మా అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలిచేవాళ్ళం) కళ్ళల్లో పెట్టుకుని పెంచుకున్న నల్లమేక మీద ఆయన చూపు ఎప్పటి నుంచో ఉంది. అవ్వ నీళ్ళకు పోయిన సమయం చూసి మేక అటు పోయింది, పెట్టె ఇటు వచ్చింది.

ఆ పెట్టెను తిన్నగా ఇంటికి తెచ్చినా బాగుండేది. బాపు దాన్ని భుజాన పెట్టుకుని పని గట్టుకుని తాళాల మామ వాకిట్లోంచి నడిచి, "బావా, మాపటికి మండలినంత తోలుకరా. నాకు జోడెద్దు దొరికింది" అని చెప్పి మరీ వచ్చాడు. సాయంత్రానికి మా వరండాలో చాపలు పరిచారు. డోలక్ వచ్చింది, తాళాలు వచ్చాయి, కొబ్బరికాయ వచ్చింది. బాపు తలస్నానం చేసి, స్క్రూడ్రైవరుతో తాళం పెకిలించి, దేవుడికి దండం పెట్టుకుని మూత తీశాడు. లోపల గుండ్రటి మీటలు నాలుగు వరుసల్లో పళ్ళు ఇకిలిస్తూ కనిపించాయి. ప్రతి మీట మీదా ఒక ఇంగ్లీషు అక్షరం. డోలక్ ఆయన అలవాటు కొద్దీ ఒక దరువు వేసి నాలుక కరుచుకున్నాడు. అప్పుడు తాళాల మామ మెడ సాచి తొంగి చూసి ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏం బావా, గిది ఏ శ్రుతిల మోగుతది?"

ఇంకొకరైతే మోసపోయానని ఒప్పుకునేవారు. మా బాపు నోట ఆ మాట పుట్టదు. గొంతు సవరించుకుని, ఇంటర్ పాసై ఊరికే ఇంట్లో ఉన్న నా వైపు చెయ్యి చూపించాడు. "శ్రుతేంది బావా? గిది టైపు మిషను. నా బిడ్డ కోసం తెచ్చిన. నేర్సుకుని లోయర్ పరీక్ష రాస్తది. మొదలు దేవుని ముంగట పెడ్దామని మిమ్ములను పిలిచిన."

మా ఇంట్లో టైపు అనే మాట, ఆఫీసు ఉద్యోగానికి దారి చూపే ఆ లోయర్ పరీక్ష మాట వినపడడం అదే మొదలు. నేను నోరు తెరిచేలోపల బాపు కళ్ళతోనే బతిమాలాడు. ఆ కళ్ళు చూసి నేను వెంటనే తలూపి, "అవును మామా, ఎన్నొద్దుల సంది అడుగుతున్ననో" అన్నాను. ఇక చేసేదేముంది, కొబ్బరికాయ కొట్టారు, మిషనుకు బొట్టు పెట్టారు. ఆ బొట్టు జి అనే అక్షరం మీద పడింది. తర్వాత చాలా కాలం ఆ జి ఒకసారి కిందికి పోతే పైకి వచ్చేది కాదు. అందరూ ప్రసాదం తింటుండగా పెరట్లోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఏమయ్యా, నా మ్యాక ఏది?"

ఆ సాయంత్రం మండలి ఒక్క పాట కూడా పాడకుండానే లేచిపోయింది.

అవ్వకు కోపం వస్తే అరిచేది కాదు. చాట ముందేసుకుని బీడీలు చుట్టే మనిషి, చేతులు ఆగకుండానే మాట్లాడేది. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ, ఒక్కో బీడీకి ఒక్కో మాట. "నా మ్యాకను పిలిస్తే మ్యా అని పలికేది. గీ ఇనుప ముక్క ఏం పలుకుతది? సరే. బిడ్డ కోసమన్నవు. పది మందిల అన్నవు. లోయరో గీయరో, గా పరీక్షల పాసయ్యిందంటే నా మ్యాక యాడికీ పోలే అనుకుంట. కాలేదంటే గీ పెట్టెను గా వంటాయన మొకాన కొట్టి నా మ్యాకను తోలుకరా. పోరి వచ్చి నా పక్కన చాట ముందలేసుకుని కూసుంటది. గంతే." తోలుకురావడానికి మేక ఉంటే కదా. (వంటాయన ఆ ఆదివారమే విందు చేశాడు. ఆ ముక్క అవ్వకు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.) కాబట్టి పరీక్ష తప్పితే మిగిలేది చాట. బీడీలంటే నాకు భయం. తంబాకు ఘాటుకు కళ్ళ నీళ్ళు, ఆగని తుమ్ములు, అవ్వ వేళ్ళ కొసలకు కాసిన కాయలు. నాతో చదివిన ఆడపిల్లలు కొందరు అప్పటికే చాటల ముందు వంగి కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు లేచింది నేను చూడలేదు. అందుకే బాపు అబద్ధం నాకు వరమైంది. ఆయనకు పరువు దక్కాలి, నాకు చాట తప్పాలి. ఇద్దరం కలిసి ఆ మిషను మీద పడ్డాం.

(నడుమ నడుమ నాకు సినిమా చూడాలనో మిర్చి బజ్జీలు తినాలనో అనిపిస్తే, "బాపూ, శ్రుతి సంగతి మామకు చెప్పాల్నా?" అనేదాన్ని. వెంటనే పని అయ్యేది. ఇంత మంచి ఫీచరు ఆ మిషనుకు ఇంకొకటి లేదు.)

మూత లోపల ఏ వేలు ఏ అక్షరం మీద ఉండాలో చూపించే బొమ్మ ఒకటి అంటించి ఉంది. అది చూసుకుంటూ నేను వేళ్ళు ఆడిస్తుంటే, బాపు ఎదురుగా కూర్చుని మిగతా భాగాలన్నిటినీ తన లెక్కలో తేల్చేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ, బావి దగ్గర బోర్డు మీద రోజూ చూసే ఒక్క మాటను మాత్రం గుర్తుపట్టేవాడు. అది కింది వరుసలో ఎడమ పక్కన కనిపించేసరికి ముఖం వెలిగిపోయింది.

"షిఫ్టు. గిక్కడ షిఫ్టు అని రాసున్నది సూడు."

కుడి పక్కన కూడా ఉందని నేను చూపించాను.

"అయితే అది మొదటి షిఫ్టు, ఇది రెండో షిఫ్టు. మరి రాత్రి షిఫ్టు ఏది?"

ఇద్దరం మిషనును ముందూ వెనకా తిప్పి వెతికాం, దొరకలేదు. షిఫ్టు నొక్కి కొడితే చిన్నక్షరం పెద్దక్షరం అవుతుందని నేను కనిపెట్టి చెబితే, "అయితది మరి. డ్యూటీ ఎక్కితే మనిషి పెద్దగ కాడా?" అన్నాడు. దాని పక్కనున్న మీట షిఫ్టు లాక్ అని చదివి వినిపించాను. బాపు గొంతు తగ్గించాడు. "దాని జోలికి పోకు బిడ్డా. లాకౌట్ అది. ఒక్కసారి పడ్డదంటే మళ్ళ ఎప్పుడు తీస్తరో వాళ్ళకే తెల్వది." వద్దన్నాక ముట్టుకోకుండా ఉండే రకం కాదు నేను. నిజంగానే పడిపోయింది. పొద్దు గూకేదాకా ఏది కొట్టినా పెద్దక్షరాలే. బాపు తల పట్టుకున్నాడు. మళ్ళీ షిఫ్టు నొక్కితే అదే విడిపోతుందని మర్నాడు తెలిసింది, యూనియన్ నాయకులు రాకుండానే లాకౌట్ ఎత్తేశారు.

రాత్రి షిఫ్టు కూడా చివరికి దొరికింది. కుడి పక్కన చిన్న పుల్ల లాంటిది ఒకటుంది, దాని పక్కన మూడు చుక్కలు, నలుపు, ఎరుపు, తెలుపు. నల్లచుక్కకు జరిపితే అక్షరాలు నల్లగా పడ్డాయి, ఎర్రచుక్కకు జరిపితే ఎర్రగా పడ్డాయి. రిబ్బను సగం నలుపు, సగం ఎరుపు అన్నమాట. (జడకు కట్టేదాన్ని మిషనుకు ఎందుకు కట్టారని అవ్వ అడిగింది.) తెల్లచుక్కకు జరిపి కొడితే ఏమీ పడలేదు. ఎంత గట్టిగా కొట్టినా కాగితం కాగితంలాగే ఉంది. బాపు తొడ చరిచాడు. "దొరికింది. గిదే రాత్రి షిఫ్టు. పనైతే చేస్తనే ఉంటం, ఎవ్వనికీ కనపడదు." అది నకళ్ళు తీయడానికి స్టెన్సిల్ అనే మైనపు కాగితం మీద కొట్టేటప్పుడు రిబ్బను అడ్డం రాకుండా తప్పించే ఏర్పాటని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఎంతమంది ఎన్ని చెప్పినా నాకు బాపు చెప్పిందే నచ్చుతుంది.

అన్నిటికంటే పెద్ద గొడవ ఒకటి అనే అంకె గురించి జరిగింది. అంకెల వరుస చూస్తే రెండుతో మొదలైంది. ఒకటి లేదు. ఈ సంగతి ఎలా పాకిందో గానీ తాళాల మామ గోడ మీదుగా తల పెట్టి, "బావా, ఒకటి ఊడిపోయిన మిషను నీకు అంటగట్టిండా ఏంది?" అన్నాడు. బాపు ఉడికిపోయి వంటాయన ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంటపడ్డాను, ఇలాంటిది చూడకపోతే ఎలా.

"మా ఒకటి మాకియ్యి" అన్నాడు బాపు, గుమ్మంలో నిలబడి.

"ఏం ఒకటి?"

"పెట్టెల రెండు నుంచి ఉన్నది. ఒకటి లేదు. నేను మ్యాకను మొత్తం ఇచ్చిన గద, నువ్వు ఒకటి ఉంచుకుని ఇస్తవా?"

పాపం ఆ వంటాయన నిజాయితీగా ఇల్లంతా వెతికాడు. గరిటెల డబ్బా బోర్లించాడు, మంచం కింద దీపం పెట్టి చూశాడు, దొరికితే తెచ్చిస్తానని దేవుడి మీద ఒట్టు కూడా వేశాడు. చివరికి బజారులో టైపు సెంటర్ నడిపే సారు దగ్గరికి మిషను మోసుకుపోయాం. ఆయన నవ్వు ఆపుకోలేక కాసేపు బయటికి పోయి వచ్చి, పాత చిన్న మిషన్లలో ఒకటి ఉండదని, చిన్నక్షరం ఎల్ కొడితే అదే ఒకటి అని చెప్పాడు. బాపు ఇంటికొచ్చే దారంతా ఆలోచించి, "ఒక్కడే రెండు డ్యూటీలు చేస్తుండన్నట్టు. ఓవర్‌టైము" అని తృప్తి పడ్డాడు.

ఆ సారు నేను కొట్టిన కాగితం చూసి ఇంకో మాట కూడా అడిగాడు. లైను చివర పదాలన్నీ సగంలో ఎందుకు తెగిపోయాయని. "గంట కొట్టింది సార్" అన్నాను. లైను చివరికొస్తోందని ముందుగా హెచ్చరించడానికే గంట, ఆ తర్వాత ఇంకా కొన్ని అక్షరాలకు చోటుంటుంది, పదం పూర్తి చేసి అప్పుడు లైను మార్చాలి అని ఆయన ఓపిగ్గా చెప్పాడు. నాకేం తెలుసు, అది బాపు నేర్పిన పాఠం. ఆ మిషను మొదటిసారి టింగుమన్నప్పుడే బాపు చెయ్యెత్తి, "ఆపు. ఒక్క గంటంటే ఆగాలె" అన్నాడు. అప్పటి నుంచి గంట మోగితే నా వేళ్ళు గాల్లోనే నిలబడిపోయేవి. సారు చెప్పింది ఇంటికొచ్చి అప్పజెబితే బాపు మొదటిసారి నా మీద విసుక్కున్నాడు. "గంట కొట్టినంక ఇంకా చోటున్నదని ముంగటికి పోయినోళ్ళను నేను సూసిన బిడ్డా. చోటు లేకుండె." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. నేను మళ్ళీ ఎదురు చెప్పలేదు. సెంటర్‌లో చేరి నేర్చుకుంటానంటే, "మ్యాకను మింగిన మిషను ఇంట్ల ఉండంగ బజారుకెందుకు?" అంది అవ్వ. అలా ఇంట్లో ఒక్క మిషను, ఒక్క గంట, దానికి ఒక్కసారి ఆగడం. పెద్దగా ఇబ్బంది కూడా అనిపించలేదు. సారు దయతలచి దరఖాస్తు మాత్రం పంపించాడు.

పరీక్ష కరీంనగర్‌లో. అప్పట్లో టైపు పరీక్షకు ఎవరి మిషను వాళ్ళే మోసుకుపోవాలి. తెల్లవారగానే బాపూ నేనూ బస్సెక్కాం, నడుమ పెట్టె. ధర్మపురి నరసింహస్వామి గుడికి పోయే ముసలమ్మలు ఆ పెట్టెను చూసి జరిగి చోటిచ్చారు. "హార్మోనియమా బిడ్డా? గా పెద్దమనిషి పాడుతడా?" అని ఒకామె అడిగింది. బాపు నా వైపు చూశాడు, నేను కిటికీలోంచి చూశాను. "పాడుత అవ్వా, గని గిది ఇయ్యాల పరీక్షకు పోతున్నది" అన్నాడు బాపు. పెద్దపల్లి దాటేదాకా ఆ అవ్వలు హార్మోనియానికి పరీక్షలేంటో వాళ్ళల్లో వాళ్ళే మాట్లాడుకున్నారు.

పరీక్ష హాలు దగ్గర రిక్షాల మీద, సైకిలు క్యారియర్ల మీద మిషన్లు దిగుతున్నాయి. అన్నీ ఆఫీసుల్లో ఉండే పెద్ద మిషన్లు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనివి. వాటి నడుమ నాది బర్రెల మందలో తప్పిపోయిన మేకపిల్లలా ఉంది. పక్క కుర్రాడు దాన్ని చూసి, "గిది పెరుగుతదా?" అని అడిగాడు. సమాధానం చెప్పేలోపే, ఇచ్చిన పేజీని చూసి టైములోపల కొట్టాల్సిన స్పీడు పేపరు మొదలైంది. హాలంతా ఒక్కసారిగా వడగళ్ళ వాన కురిసినట్టయింది. నేను రెండో లైనులో ఉన్నానో లేదో, టింగుమంది. ఆగాను. నాది కాదు, పక్క కుర్రాడిది. మళ్ళీ మొదలుపెట్టాను. టింగుమంది. ఆగాను. అది వెనకామెది. ఇన్నాళ్ళూ నేను ఒక్క మిషను గంటే విన్నాను. ఇప్పుడు హాలు నిండా మిషన్లు, ఎవరి లైను ఎక్కడ అయిపోతుందో ఎవరి గంట ఎప్పుడు మోగుతుందో తెలియదు. ప్రతి గంటకూ నా చేతులు గాల్లోకి లేస్తున్నాయి. ఆగొద్దని మనసు చెబుతోంది, వేళ్ళు వినడం లేదు. అందరూ సగం పేజీ దాటిపోతుంటే నేను పైనే ఉన్నాను. కళ్ళ ముందు చాట కనిపించింది. ముక్కుకు తంబాకు వాసన కూడా వచ్చింది, అబద్ధం కాదు.

వరండాలో కూర్చున్న బాపుకు లోపలి గంటలు వినబడి ప్రాణం పోయినంత పనైందట. బావిలో అన్ని గంటలు ఒక్కసారిగా మోగితే ఏదో ఘోరం జరిగినట్టే. లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. చూస్తే కూలిందేమీ లేదు, అందరూ కొడుతున్నారు, ఆయన బిడ్డ ఒక్కతే గంట మోగినప్పుడల్లా చేతులెత్తి కూర్చుంటోంది. ఎందుకో ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది. బావిలో గంట తీగ తెగిపోతే దీపంతో సైగ చేస్తారు, మూడుసార్లు పైకి ఊపితే లాగమని. బాపు దగ్గర దీపం లేదు, భుజం మీద తువ్వాల ఉంది. నేను ఆగినప్పుడల్లా దాన్ని తీసి మూడుసార్లు పైకి ఊపడం మొదలుపెట్టాడు. గంట కొట్టాక ఒక్క టబ్బును కూడా కదపని మనిషి, అన్ని గంటలు మోగుతుంటే నా కోసం లాగు, లాగు అని తువ్వాల ఊపుతున్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళల్లో రెండు మూడు తప్పులు కూడా కొట్టాను.

తువ్వాల లేస్తే నేను కదులుతున్నాను, గంట మోగితే ఆగుతున్నాను. కాసేపు బండి అలా నడిచింది. అంతలో హాల్లో తిరుగుతున్న సారు కళ్ళు కిటికీ మీద పడ్డాయి.

"ఏం పెద్దాయనా, ఆ సైగలేంటి?"

"సైగలు కావు సార్, ఈగలు. ఈగలు కొడుతున్న."

సారు కళ్ళద్దాలు సర్దుకుని నన్ను చూశాడు, బాపును చూశాడు. "ఆ అమ్మాయి ఆగినప్పుడే వస్తున్నయా ఈగలు?" అన్నాడు. టైపు పరీక్షలో సైగలతో కాపీ కొట్టడానికి ఏముందో ఆ సారుకు కూడా తెలిసినట్టు లేదు, కొట్టాల్సిన పేపరు ఎదురుగానే ఉంటుంది కదా. అయినా రూలు రూలే, బాపును గేటు బయటికి పంపించేశారు. కిటికీ ఖాళీ అయింది. టింగుమంది. నా చేతులు లేచాయి. దింపేవాళ్ళు లేరు.

అప్పుడు గేటు దగ్గర నుంచి వినిపించింది బాపు గొంతు. నరసింహస్వామి భజన. ఇంజను చప్పుడును దాటి వినపడే గొంతు అని చెప్పాను కదా, దానికి ఆ రోడ్డూ ఆ ప్రహరీగోడా ఒక లెక్కా. మిషన్ల చప్పుడు మీదుగా, గంటల మీదుగా వచ్చి నా చెవుల్లో కూర్చుంది. చిన్నప్పటి నుంచి విన్న పాట, ఏ మలుపు తర్వాత ఏ మలుపో నాకు తెలుసు. ఇక నేను గంటలను పట్టించుకోలేదు. పాట ఎటు పోతే వేళ్ళు అటు పోయాయి. చరణం చివర ఆయన అందుకునేసరికి నేను లైను మార్చేదాన్ని. సారు గేటు దాకా పోయి ఆపమన్నాడట. "రోడ్డు మీద దేవుని పేరు తీసుకుంటే తప్పా సార్?" అని బాపు అడిగితే తానూ దేవుడికో దండం పెట్టుకుని తిరిగొచ్చాడు. తమాషా ఏమిటంటే, కాసేపటికి హాలు మొత్తం ఆ దరువులో పడిపోయింది. టక టక టక టక అని అందరూ ఒకే నడకలో కొడుతున్నారు, గంటలు తాళాల్లా మోగుతున్నాయి. అంతమంది పక్కవాద్యంతో మా బాపు జన్మలో పాడి ఉండడు. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు తాను కూడా అదే లైను రెండోసారి కొట్టేశానని పక్క కుర్రాడు బయటికొచ్చాక ఏడుపు ముఖంతో చెప్పాడు. టైమయిందని సారు అరిచేసరికి నేను పేజీ చివరి లైనులో ఉన్నాను.

ఫలితాలు వచ్చిన రోజు టైపు సెంటర్ సారే సైకిలు మీద మా ఇంటికి వచ్చి చెప్పాడు. పాసయ్యాను. అంచు మీద నిలబడి పాసయ్యాననుకోండి, అయినా పాసు పాసే. బాపు చొక్కా వేసుకోవడం కూడా మరిచిపోయి వాడకట్టులోకి పరుగెత్తాడు. తాళాల మామ అంతా విని, బాపు భుజం మీద చెయ్యి వేసి, "మొత్తానికి నీ హార్మోనియం పాసయ్యింది బావా" అన్నాడు. అంటే ఆ మహానుభావుడికి మొదటి రోజు నుంచీ అంతా తెలుసు. తెలిసీ ఒక్కరి దగ్గర కూడా నోరు విప్పలేదు. నేను తిన్న మిర్చి బజ్జీలన్నీ ఉత్త బెదిరింపు మీద తిన్నవేనని అప్పుడు అర్థమైంది.

నేను మాత్రం లోపలికి పరుగెత్తి అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వ చాట ముందు ఎప్పటిలాగే వంగి ఉంది. ముద్దు చేస్తుందనో, కనీసం మేక సంగతి మరిచిపోయానంటుందనో ఆశ. ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టడం కూడా ఆపలేదు. సంతోషం పట్టలేక, ఎన్నడూ లేనిది, సాయం చేద్దామని ఒక తునికాకు చేతిలోకి తీసుకున్నాను. అవ్వ నా చేతి మీద చెళ్ళున కొట్టింది.

"తియ్యి చెయ్యి. ఇగ గీ చాట దిక్కు రాకు" అంది. నా వైపు చూడను కూడా చూడలేదు, కొంగుతో ముఖం తుడుచుకుంది. తంబాకు ఘాటేమో అనుకున్నాను.

నాకు ఎంత రోషం వచ్చిందో. పాసైనా కూడా ఈమెకు మేకే ముఖ్యమని అలిగి, ఆ పూట అన్నం ముట్టుకోలేదు. బాపు ఎంత బతిమాలినా గోడవైపు తిరిగే పడుకున్నాను. తర్వాత నేను ఆఫీసులో చేరాను, ఎన్ని ఫైళ్ళు కొట్టానో లెక్కలేదు. అవ్వ మాత్రం చూపు ఆనినన్నాళ్ళూ ఆ చాట ముందే కూర్చుంది, నేను పక్కన కూర్చోబోతే కాలితో చాట అవతలికి జరిపేది. మొన్న మనవరాలికి ఆ మిషను మీద షిఫ్టు ఎక్కడుందో చూపిస్తూ ఇదంతా చెప్పుకొస్తుంటే, అలిగి గోడవైపు తిరిగి పడుకున్న ఆ పిచ్చిపిల్ల కనిపించి నవ్వొచ్చింది. ఇంగ్లీషు లోయర్ పాసైందని ఎగిరిన పిల్లకు, అవ్వ తెలుగులో చెప్పిన ఒక్క ముక్క అర్థం కాలేదు.